దుబాసీ మింగిన మాటలు

మా వీధిలో చదువుకునే పిల్లలు ఏడాదిగా నన్ను పోరుతున్నారు. "తాతా, అన్నేండ్లు దొరల పక్కన నిలబడినావు గదా, ఏదన్నా ఒకటి రాయి" అని. గవర్నరు దొర విందులో ఏం తిన్నాడు, దొరసాని ఏ గౌను తొడుక్కుంది లాంటి సంగతులు వాళ్ళకు కావాలని నాకు తెలుసు. అవి రాయడానికి నాకంటే సరదా గల ముసలివాళ్ళున్నారు. నేను రాసేది మా కోసపాళయం నేతగాడొకడి సంగతి, అతని విషయంలో నేను చేసిన పని సంగతి. మన పుదుచ్చేరిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి గాని తెలుగు అక్షరం చదివే ఇళ్ళు తక్కువ. కాబట్టి చదవడం వచ్చినవాడు రానివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చదవాలి. ఇది బాగుంది, ఇది బాగాలేదని మధ్యలో దేన్నీ దాటేయకూడదు. నేను చెడింది ఆ దాటేయడం వల్లనే.

నా ఉద్యోగం దుబాసీ. మనవాళ్ళ మాట ఫ్రెంచి దొరకు, దొర మాట మనవాళ్ళకు అందించడం. మొదట కోర్టులో ఆరేళ్ళు చేశాను. తరువాత పెన్షను వచ్చేదాకా ఆస్పత్రిలో. కోర్టులో నాకు పని నేర్పిన పెద్ద దుబాసీ పంచె మీద కోటు తొడుక్కుని, తలపాగా నలగకుండా గంటల తరబడి నిలబడగల మనిషి. మొదటి రోజే ఆయన నాకొక పాఠం చెప్పాడు: "దుబాసీ అంటే చేటరా. బియ్యం దొరకు ఇయ్యి, పొట్టు నువ్వు పెట్టుకో." సాక్షి అరగంటసేపు ఏడ్చి, మొత్తుకుని, తల్లి మీద ఒట్టేసి చెప్పినదాన్ని నేను రెండు ముక్కల్లో ఫ్రెంచిలోకి దించేవాణ్ణి. జడ్జి దొరలు తల ఊపేవారు. మాట్లాడినవాడి వంక కాకుండా దొర వంకే చూస్తూ చెప్పాలన్నది ఆయన రెండో పాఠం. సాక్షి ముఖం చూస్తే జాలి పుడుతుందట, జాలి పుడితే నాలుక తడబడుతుందట. ఆస్పత్రికి మారినప్పుడు ఈ రెండు పాఠాలనూ వెంట తీసుకెళ్ళాను.

కార్తీక వానలు వెలిసిన రోజుల్లో ఒక పొద్దున ఆ నేతగాణ్ణి అతని భార్య తీసుకొచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. మిల్లులో తరి మీద, అంటే మగ్గం మీద, పని. మనవాళ్ళే, తాతల నాటినుంచి ఇక్కడే ఉన్నవాళ్ళు. నాలుగు నెలలుగా పొద్దున పనికి పిలిచే మిల్లు సంగు కూసినా లేవడంలేదని, లేచినా మంచం మీదే కూర్చుంటున్నాడని, అన్నం ముందు పెడితే చూస్తూ ఉంటాడని ఆమె చెప్పింది. తాయెత్తులు కట్టించారు, దిష్టి తీయించారు, మూడు గుళ్ళకు తిప్పారు. బావమరిది ఒకడు సోమరితనమని తేల్చి రెండు దెబ్బలు కూడా వేశాడట. అంతా అయ్యాక, మన ఊరికీ తెల్లవాళ్ళ ఊరికీ నడుమనున్న కాలువ దాటి ఆస్పత్రి తెల్లదొర దగ్గరికి వచ్చారు. ఆ దొర కొత్తగా ఓడ దిగినవాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. ఏమిటి బాధ అని అడిగాడు. నేను తెలుగులో అడిగాను.

నేతగాడు నేలకేసి చూస్తూ ఆగకుండా చెప్పాడు. "అన్నం నోట్లో పెట్టుకుంటే పాత గుడ్డ నమిలినట్టుండాదన్నా. నా బిడ్డ నవ్వితే పక్కింటి బిడ్డ నవ్వినట్టుండాది. జబ్బు ఒంటికి కాదు. నేనొకణ్ణి లేకపోతే వీళ్ళు నిమ్మళంగా ఉంటారని తోస్తాది, పొద్దు లేచినకాడినుంచీ అదే తోస్తాది." ఇంకా చాలా చెప్పాడు. మిల్లులో తరి ముందు నిలబడి ఊరికే ఏడ్చిన రోజు సంగతి చెప్పాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను దొర వంక తిరిగి, ఆకలి లేదట, నిద్ర లేదట, నీరసంగా ఉందట అన్నాను.

ఎందుకలా అన్నానో దాచకుండా చెబుతాను. బతకాలని లేదన్న మాట దొర చెవిన పడితే మద్రాసు పిచ్చాస్పత్రికి పంపించేస్తాడని భయపడ్డాను. మిల్లుకు తెలిస్తే పని పోతుంది. కోసపాళయంలో తెలిస్తే ఆ ఇంటి ఆడపిల్లకు రేపు సంబంధం రాదు. ఇంకొకటి కూడా ఉంది. మనవాడొకడు తెల్లవాడి ముందు ఇలా విప్పుకుని నిలబడడం నాకు తలవంపుగా అనిపించింది. మానం కాపాడాననుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి పోతూ, ఒక కుటుంబానికి ఉపకారం చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. గుడ్డికన్ను మూసినా ఒకటే తెరిచినా ఒకటే అంటారు, నా తెలివి అప్పుడలా ఉండింది.

దొర రక్తం పట్టే మందు రాశాడు, నిద్రకొక చుక్కల మందు రాశాడు. పదిహేను రోజులకొకసారి వాళ్ళు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ అతను చెప్పేవాడు, నేను చెరిగేవాణ్ణి, దొర సీసా మార్చేవాడు. మూడు నెలల్లో మనిషి సగమయ్యాడు. మొదట్లో అంత చెప్పినవాడు రానురాను తక్కువ చెప్పసాగాడు. ఎంత చెప్పినా దొర కంట్లో ఏ మార్పూ లేకపోవడం చూసి, చెప్పి లాభం లేదనుకుని ఉంటాడు. తప్పు దొర కంటిది కాదు. ఆ కంటిదాకా నేనేమీ చేరనివ్వలేదు.

నాలుగో నెలలో ఒక రోజు నేతగాడు మళ్ళీ ఎందుకో కాస్త ఎక్కువ మాట్లాడాడు. నేను ఎప్పటిలాగే ముగించాను. దొర కలం కింద పెట్టాడు. "ఇతను ఇంతసేపు మాట్లాడాడు. మీరు ఒక్క ఊపిరిలో చెప్పేశారు. మిగతాది ఎక్కడుంది?" అని నన్ను అడిగాడు. మిగతాది పనికొచ్చేది కాదన్నాను. పనికొస్తుందో రాదో తేల్చడం తన ఉద్యోగమనీ, నాది కాదనీ అన్నాడు. కోపంగా అనలేదు. అది ఇంకా బాధ.

తరువాత ఆయన చేసింది నేను నా సర్వీసులో అంతకుముందు చూడలేదు. వరండాలో వరుసలో ఉన్నవాళ్ళను మరో డాక్టరు దగ్గరికి పంపించేసి, తలుపు చేరవేసి, కుర్చీ బల్లకు ఇవతలి వైపుకు తెచ్చుకుని నేతగాడి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరి మోకాళ్ళ మధ్య జానెడు దూరం. మొదటి రోజునుంచీ చెప్పినదంతా మళ్ళీ చెప్పమన్నాడు. నాతో, 'అతను అంటున్నాడు' అని మొదలుపెట్టవద్దని, అతను 'నేను' అంటే నన్ను కూడా 'నేను' అనే అనమన్నాడు. కోర్టులో అలా అంటే ఉద్యోగం ఊడుతుంది. అయినా ఆ రోజు అన్నాను.

నేను లేకపోతే నా వాళ్ళు నిమ్మళంగా ఉంటారు అని ఫ్రెంచిలో నా నోటితో అన్నాను. చెరగకుండా ఒకడి మాటను నోట్లో పెట్టుకోవడం అదే మొదటిసారి. దొర పిచ్చాస్పత్రి మాట ఎత్తలేదు. ఆ తలపు ఎప్పటినుంచి వస్తోంది, ఏ వేళ ఎక్కువగా వస్తుంది, వచ్చినప్పుడు ఎవరు పక్కన ఉంటారు అని ఒక్కొక్కటే అడిగాడు. కొన్నాళ్ళు అతన్ని ఒంటరిగా వదలవద్దని భార్యకు చెప్పాడు. ఇది సోమరితనం కాదని, దయ్యం కాదని, జబ్బేనని, ఈ జబ్బు చాలామందికి వస్తుందని నేతగాడికి చెప్పమన్నాడు. చెప్పాను. "దొరకి తెలిసిన జబ్బేనా ఇది?" అని అతను నన్ను రెండుసార్లు అడిగి, ఆస్పత్రికి వచ్చిన ఇన్ని నెలల్లో మొదటిసారి ఏడ్చాడు.

ఈ జబ్బుకు తమ దేశంలో కొందరు వైద్యులు మాట్లాడించడమే మందంటున్నారని, తనకు కూడా పూర్తిగా తెలియదని, ప్రయత్నించి చూద్దామని దొర అన్నాడు. ఆపరేషను కోతలు లేని రోజని గురువారం పెట్టాడు. వారంవారం గంటసేపు. మందుల గదిలో కంపౌండరు దీనికి మాటల కషాయమని పేరు పెట్టాడు. గురువారం నేను అటు పోతే చాలు, కషాయం కాగిందా, ఎన్ని పాళ్ళు వేశారు అని అడిగేవాడు. నేను కూడా నవ్వేవాణ్ణి. నవ్వకపోతే నన్ను కూడా రోగుల్లో కలిపేస్తాడని భయం.

ఆ గంటల్లో అతను చెప్పినవి ఇక్కడ రాయను. కొన్ని చిన్న సంగతులు, కొన్ని కావు. తనకు నేత నేర్పిన అన్న పోయిన రోజున మిల్లు సెలవివ్వక, అతను తరి ముందే నిలబడ్డాడన్నంతవరకు చెబితే చాలు. దొర సలహాలు చెప్పేవాడు కాదు. అడిగేవాడు, ఆగేవాడు, ఇంకా అడిగేవాడు. రెండు నెలలకు నేతగాడు ఒకరోజు ఊరగాయలో ఉప్పు ఎక్కువైందని భార్యను కోప్పడ్డాడట. ఆమె ఆ సంగతిని ప్రసాదం పంచినట్టు వచ్చి చెప్పింది. తరువాత మిల్లుకు సగం పూట పోసాగాడు. మధ్యలో రెండు వారాలు మళ్ళీ మంచం పట్టాడు. ఇది ఉబ్బసంలాంటిదని, వస్తూ పోతూ ఉంటుందని, వచ్చినప్పుడు ఓడిపోయాననుకోవద్దని దొర చెప్పాడు.

ఒక గురువారం నేతగాడు మాట మధ్యలో ఆపి నన్నే చూపించి, నాతోనే, "ఈయన ఒక్కసారి గూడా నా మొగం చూడడు, దొరకి చెప్పన్నా" అన్నాడు. మిల్లు మోతలో మాట వినపడదని, తాము పెదాలూ కళ్ళూ చూసే మాట్లాడుకుంటామని, ముఖం చూడని మనిషితో మాట్లాడడం చీకటి కొట్లో మాట్లాడినట్టుంటుందని అన్నాడు. ఏమంటున్నాడని దొర అడిగాడు. మిల్లులో మోత ఎక్కువట అన్నాను. ప్రతి మాటా చెబుతానని ఒప్పుకున్నాక నేను మింగింది అదొక్కటే. కుక్క తోక వంకర అంత తొందరగా పోదు.

ఏడాది గడిచింది. ఐరోపాలో పెద్ద యుద్ధం మొదలైంది. దొరకు తాకీదు వచ్చింది, వారంలో ఓడ. వెళ్ళేముందు నన్ను పిలిచి, గురువారాలు మానవద్దన్నాడు. వైద్యం చేయనక్కర్లేదు, ఎదురుగా కూర్చుని వినమన్నాడు. ఇతను ఏడాదిపాటు మాట్లాడింది మీ భాషలో, మీ చెవికి, అన్నాడు. అలాగేనన్నాను. దొర ఏం చెప్పినా అలాగేననడం నాకు అలవాటు. ఆ అలవాటులోనే అన్నానని ఆయనకు తెలియదు.

ఆ తరువాతి గురువారం నేతగాడు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. దొర ఓడెక్కిన సంగతి అతనికి తెలుసు. ఇంక ఇక్కడికి రావడమెందుకని అడిగాను.

"నువ్వుండావు గదన్నా" అన్నాడు.

నేను దుబాసీనన్నాను. ఇటొకరు అటొకరు ఉంటేనే నా పని, నడుమనున్నవాడు ఒక్కడు ఏం చేయగలడని అడిగాను. "ఏం జేయబల్లేదు. సుమ్మా, ఊరికే కూచో" అన్నాడు. కొత్త డాక్టరు కోపగిస్తాడన్నాను. అది అబద్ధం. ఆయనకు నేను గురువారం ఎక్కడ కూర్చుంటానో పట్టలేదు. అసలు సంగతి వేరు. అంతకాలం అతని మాటలు నా చెవిన పడి, నా నోటినుంచి దొరకు చేరిపోయేవి. బరువు మోసింది దొర. ఇప్పుడు వింటే అవి నాలోనే ఉండిపోతాయి, ఎవరికి దించను? నాకు భయం వేసింది. కంపౌండరు నవ్వుతాడన్నది కూడా ఒక భయం, చిన్నదే గాని ఉంది. పని ఉందని చెప్పి లోపలికి పోయాను. అతను గంటసేపు వరండాలో కూర్చుని వెళ్ళాడు.

మరుసటి గురువారం మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పని ఉందన్నాను. మూడో గురువారం అతను గేటు దాటడం కిటికీలోంచి చూసి రిజిస్టర్ల గదిలోకి పోయి, నేను రాలేదని చెప్పమని బంట్రోతును పంపాను. బంట్రోతు చెప్పాడు. గది తలుపు సగమే వేసి ఉంది. నా చెప్పులు దాని బయట ఉన్నాయి. కోసపాళయంలో మా ఇళ్ళ మధ్య రెండు సందులే దూరం, నా చెప్పులు అతనికి తెలుసు. అతను వాటివంక కాసేపు చూసి, సరేనని తల ఊపి వెళ్ళిపోయాడని బంట్రోతు తరువాత చెప్పాడు. నాలుగో గురువారం రాలేదు. పీడ వదిలిందనుకున్నాను. ఆ మాట రాయడానికి ఈ వయసులో కూడా సిగ్గవుతోంది, అయినా రాస్తున్నాను.

ఆరునెలలు నేను ఆ దారి తొక్కలేదు. రెండు సందుల దూరాన్ని తప్పించుకోవడానికి బజారు చుట్టి ఇంటికి పోయేవాణ్ణి. చివరికి అతని భార్యే ఆస్పత్రికి వచ్చింది. మందు కోసం రాలేదు. మిల్లులో అతని తరి వేరేవాడికిచ్చేశారని, పిల్లను బాహూరు పల్లెలో తన తల్లి దగ్గర దింపి తాను పొలం కూలికి పోతున్నానని చెప్పింది. తరువాత ఈ మాట అంది:

"ఎప్పుడూ గోడతట్టు తిరిగి పండుకుంటాడన్నా. బేస్తవారమొస్తే మటుకు తనే లేచి నీళ్ళు పోసుకుంటాడు. చొక్కా ఏసుకుని వాకిట తిన్నె మీద కూచుంటాడు. యాడికీ పోడు. ఎండ తిరిగినాక చొక్కా విప్పి మడతబెట్టి మళ్ళీ పండుకుంటాడు."

నన్ను రమ్మని అడగలేదు. నన్ను నిందించలేదు. చెప్పి, కొంగు సవరించుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం ఒక రోగి మాట ఫ్రెంచిలోకి చెబుతూ, మధ్యలో ఏం చెబుతున్నానో మరిచిపోయాను.

ఆమె బేస్తవారమన్న ఆ గురువారం సెలవు పెట్టి పోయాను. అతను తిన్నె మీద ఉన్నాడు, చొక్కాతో. నేను పక్కన కాదు, ఎదురుగా, వీధిలో పీట వేయించుకుని కూర్చున్నాను. తప్పు నాదని చెప్పాను.  మొదటిసారి అతని ముఖం సరిగ్గా చూశాను. ఎడమ కనుబొమ్మ మీద నూలు తెగి కోసిన గాటు ఒకటుంది. ఏడాదిన్నర అతని గుండెలో మాటలు మోసినవాణ్ణి, ఆ గాటు అంతవరకు నాకు తెలియదు.

మూడు నెలలు అతను నాతో మాట్లాడలేదు. ప్రతి బేస్తవారం పోయి కూర్చునేవాణ్ణి. నాలుగో నెలలో ఒకరోజు వాన వచ్చేట్టుందన్నాడు. ఆ రాత్రి నాకు పండుగలా ఉంది. నెమ్మదిగా మంచం వదిలాడు. మిల్లు అతన్ని మళ్ళీ తీసుకోలేదు, ఇంట్లోనే నూలుకు రంగులు అద్దుకునే పని పట్టాడు. పిల్ల తిరిగి వచ్చింది, గాని తండ్రి ఒడిలో కూర్చునే వయసు బాహూరులోనే దాటిపోయింది. ఆ జబ్బు వస్తూ పోతూనే ఉండింది. వచ్చినప్పుడు, ఇది జబ్బేనని దొర చెప్పిన మాట అతను భార్యతో అనేవాడట. ఆ మాట అతనికి చేర్చింది నేనే. నా సర్వీసులో నేను చేసిన మంచి పని ఏదన్నా ఉంటే అదొకటి.

పిల్లలారా, మీలో ఎవరికన్నా అన్నం గుడ్డలా ఉన్నా, నవ్వు పక్కింటిదిలా ఉన్నా, అది మీ సోమరితనం కాదు. చెప్పండి. ఒకరు వినకపోతే ఇంకొకరికి చెప్పండి. మీకు ఎవరన్నా చెప్పడానికి వస్తే, నేను డాక్టరును కాదే అని తప్పించుకోవద్దు. డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, తీసుకుపోయాక కూడా పక్కన కూర్చోండి. నాకు ఇంతకంటే తెలియదు.

పదకొండేళ్ళు నేను ఆ తిన్నె ముందు కూర్చున్నాను. అతను రంగుల సంగతి చెప్పేవాడు, బాహూరు చెరువు నిండిన సంగతి, కూతురి చదువు సంగతి చెప్పేవాడు. దొరకు చెప్పినటువంటి మాట మాత్రం ఒక్కటీ నాకు చెప్పలేదు. కొన్ని వారాలు ఆ ముఖంలో అది వస్తున్నట్టే కనిపించేది, తిరిగి లోపలికి పోయేది. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాను. దొరతో అన్ని మాట్లాడినవాడివి, నాకెందుకు చెప్పవు తమ్ముడూ, ఇప్పుడు నీ ముఖమే చూస్తున్నాను గదా, అని.

అతను కోపపడలేదు. చేతికంటిన నీలం రంగును పంచె అంచుకు తుడుచుకుంటూ ఆలోచించి చెప్పాడు.

"చెప్పాలనే ఉంటాదన్నా. చెప్పినాక, పైవారం నువ్వు మళ్ళీ లేవని చెప్పిస్తావేమోనని."

పీట పక్కన విడిచిన నా చెప్పుల వంక చూశాను. అతనే, ఈసారి వానలు తొందరగా వస్తాయేమో అన్నాడు. వస్తాయేమో అన్నాను.